మాయాలోకంలో మా ఊరి మత్తడి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక రిటైర్డ్ టీచర్ గారు రాసింది చదివాను. పిల్లలు ఫోన్లలో మునిగి మాయాలోకాల్లో బతుకుతున్నారని, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడటం మర్చిపోయారని, కాలేజీల్లో ఇవన్నీ బంద్ పెడితేగానీ దారికి రారని ఆయన బాధ. ఆ పేపరు మా హాస్టల్లో చేతులు మారి మారి నా దగ్గరికి వచ్చేసరికి దాని మీద పప్పుచారు మరక కూడా పడింది. కోపమైతే రాలేదు సార్, ఎందుకంటే మా రూంలోనే రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసి పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో తూగేవాళ్లు ఇద్దరున్నారు, అప్పుడప్పుడు మూడోదాన్ని నేనే. కానీ మంచీ చెడూ అన్నీ కలిపి మాయాలోకం అని ఒకటే మూట కట్టేశారు చూడండి, అక్కడ మనసు ఒప్పలేదు. ఆ మూటలో నావి కొన్ని ఉన్నాయి. అవి బయటికి తీసి చూపిద్దామని ఈ ఉత్తరం. కొంచెం పొడుగైతే కత్తిరించుకోండి, చెరువుల సంగతి మాత్రం ఉంచండి.

నాది పరకాల దిక్కు ఒక ఊరు. ఇప్పుడు హనుమకొండలో బీఎస్సీ రెండో సంవత్సరం, మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. బాపు పత్తి, కొంచెం మిర్చి వేస్తాడు, అమ్మ బాపుతో పాటే చేనుకు పోతుంది, తాత ఇంటి దగ్గర ఉంటాడు, మోకాళ్ల నొప్పులు.

2020లో కరోనాకు బడులు మూసినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ సెప్టెంబర్ ఒకటి నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వచ్చేవి గుర్తుందా? మా ఇంట్లో కరెంటు ఉంటే టీవీ, లేకపోతే బాపు ఫోన్. ఆ ఫోనేమో బాపు జేబులో చేనుకు పోయేది. ఫోన్ కోసమే నేను కూడా చేనుకు పోయి గట్టు మీద కూర్చుని పాఠం వినేదాన్ని, మధ్యలో మోటరు పెట్టమని కేకేస్తే లేచిపోయేదాన్ని. అట్లా ఒకరోజు పాఠం అయిపోయాక ఏదో నొక్కుతుంటే గూగుల్ ఎర్త్ తెరుచుకుంది. భూమి గుండ్రంగా తిరిగి తిరిగి మా ఊరి మీదికి దిగింది. బాపుకు చూపించాను. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత మా బాయి కనిపెట్టాడు, బాయి పక్క వేపచెట్టు కనిపెట్టాడు, ఆ తర్వాత పావుగంట సేపు మా గట్టు ఎక్కడుంది పక్కోళ్ల గట్టు ఎక్కడుంది అని వేలు పెట్టి కొలిచి, "నేను చెప్పలే? వాడు రెండు సాల్లు లోపలికి దున్నిండు" అన్నాడు. సాటిలైట్ ఫొటో మీద వేలితో రెండు సాల్లు ఎట్లా కనబడ్డాయో ఆయనకే తెలియాలి. కానీ ఆ రోజు నుంచి ఫోన్ అడిగితే విసుక్కోవడం తగ్గింది.

ఇంటర్ ఒక ప్రైవేటు కాలేజీలో చదివాను, పేరు వద్దులెండి. పొద్దున ఆరింటికి మొదలైతే రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్లు, ల్యాబ్ మాత్రం రెండేళ్లలో రెండుసార్లు తెరిచారు. ప్రాక్టికల్ రికార్డు సీనియర్ అక్క దగ్గర తెచ్చి చూసి రాశాం, రీడింగులతో సహా. అక్క రికార్డులో ఉన్న తప్పులు కూడా మా రికార్డుల్లోకి నడిచి వచ్చాయి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా మేనత్త కొడుకు, ఇంజినీరింగ్ చదివే బావ, ఫెట్ అనే సైటు చూపించాడు. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లది, 2001లో ఫిజిక్స్ నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టాడట. పూర్తిగా ఉచితం. అందులో బ్యాటరీ, వైరు, బల్బు లాగి కలుపుకుంటూ సర్క్యూట్ కట్టొచ్చు. నేను బ్యాటరీ రెండు కొసలనూ నేరుగా వైరుతో కలిపేస్తే దాని మీద మంట బొమ్మ లేచింది. ఎంత సంబరపడ్డానో! రెండేళ్లు ఓం నియమం బట్టీ పట్టాను గానీ రెసిస్టెన్స్ లేకపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చూపించలేదు. మళ్లీ డిగ్రీకి వచ్చాక మా ల్యాబ్‌లో నిజం రెసిస్టర్ ఒకటి కాల్చాను, పొరపాటునే, ఆ వాసన రెండు రోజులు చున్నీకి పట్టుకుని ఉంది. బొమ్మ మంటకు వాసన రాదు. రెండూ కావాలి, ఒకటి ఉంది కదా అని రెండోది ఎత్తేయకూడదు. మన కేంద్ర ప్రభుత్వం కూడా వర్చువల్ ల్యాబ్స్ అని కంప్యూటర్‌లోనే ప్రయోగాలు చేసుకునే సైటు నడుపుతోంది, ఐఐటీల్లాంటి సంస్థలవాళ్లు తయారుచేశారు, కంప్యూటర్ ఉంటే చక్కగా పనికొస్తుంది. ఫోన్‌లో మాత్రం వేళ్లు పట్టవు. ఈ ఫోన్ సంగతికి మళ్లీ వస్తాను.

టీచర్ గారు పక్కనున్న మనిషి కనబడటం లేదన్నారు కదా. స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే, ఆకాశాన్ని మన ఊరి పేరు పెట్టి ఇప్పుడు ఎట్లా ఉందో అట్లా చూపిస్తుంది. వరంగల్ అక్షాంశం సుమారు 18 డిగ్రీలు కాబట్టి ధ్రువనక్షత్రం కూడా ఉత్తరాన నేల అంచు నుంచి సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాపి పిడికిలి పట్టుకుంటే ఒక పిడికిలి దాదాపు పది డిగ్రీలు. అంటే రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ. డాబా మీదికెక్కి పిడికిలి మీద పిడికిలి పెట్టి చూస్తుంటే కింద మంచంలో ఉన్న తాత "ఎవరితోని కొట్లాటనే పైన?" అని అడిగాడు. దిగి వచ్చి లాప్‌టాప్‌లో చూపిస్తే, కృత్తికల దగ్గర ఆపి, "ఇది పిల్లలకోడి" అన్నాడు. తల్లి కోడి, చుట్టూ పిల్లలు. నేను అప్పటిదాకా దాన్ని చుక్కల గుంపు అనే చూశాను. తాతకు అది చేనుకు కావలి పోయిన రాత్రుల్లో టైము చెప్పే గడియారమట. ఆ రాత్రి ఆయన మాట్లాడినంత నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో లాప్‌టాప్ చార్జింగ్ అయిపోయింది, ఆయన మాటలు అయిపోలేదు.

ఇక అసలు వర్చువల్ లోకాలు. మనుషులు బొమ్మల రూపంలో తిరిగే చోట్లు. ఇవి నిన్న మొన్న వచ్చినవేం కాదు, సెకండ్ లైఫ్ 2003లో మొదలైంది, అప్పటికి నేను పుట్టలేదు. అందులో మనకొక రూపం ఉంటుంది, లిండెన్ డాలర్లని సొంత డబ్బు ఉంటుంది, జాగా కిరాయికి తీసుకుని ఇల్లు కట్టుకోవచ్చు. ఆ రూపాన్ని అవతార్ అంటారు. మన మాటే. మన దశావతారాల మాట అక్కడిదాకా పోయి టోపీ పెట్టుకుని తిరిగొచ్చింది. కానీ ఇట్లాంటి ఒక లోకంలో నేను మొదటిసారి పేరు నమోదు చేసుకుని బట్టలు ఎంచుకోబోతే వందల రకాల జాకెట్లు, కవచాలు, రెక్కలు కూడా ఉన్నాయి గానీ లంగా వోణీ కనబడలేదు. మనకు కావాల్సింది మనమే కుట్టుకోవాలట. సరే, జీన్స్ ప్యాంటు అవతారంతోనే లోపలికి పోయాను.

పోయిన పది నిమిషాలకే ఒకడు వెంటపడ్డాడు. నేను ఎటు పోతే అటు, మెసేజ్ మీద మెసేజ్. మ్యూట్ చేశాను, ఇంకో పేరుతో వచ్చాడు. ఎక్కడో తెలియని ఊళ్లో బస్టాండులో ఒంటరిగా ఉన్నట్టు గుండె దడదడలాడింది, ఉన్నది మా ఇంట్లో, పక్క గదిలో అమ్మ ఉల్లిగడ్డలు కోస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. మర్నాడు నా అవతారం మార్చేశాను. తెల్లగడ్డం, చేతిలో కర్ర, వంగిన నడుము ముసలాయన. అంతే, ఒక్కడు పలకరిస్తే ఒట్టు. నెల రోజులు ఆ గడ్డంతోనే హాయిగా ఊళ్లు తిరిగాను. దీంట్లో నవ్వాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు. టీచర్ గారు చెప్పిన భయాల్లో ఇది మాత్రం నిజం, ఆడపిల్లలకు అక్కడా బస్టాండు బస్టాండే. అయితే బస్టాండు బాగాలేదని ప్రయాణాలు మానుకోం కదా. మా తమ్ముడి వయసు పిల్లలకు మాత్రం ఒక మాట చెప్పి పెట్టాలి, ఆటలో బొమ్మకు డ్రెస్సు కొనిస్తానని ఓటీపీ అడిగేవాళ్లు ఉంటారు, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మా క్లాస్‌మేట్ ఒకామె ఇంట్లో చెప్పడానికి భయపడి రెండు రోజులు ఆగింది, ఆ రెండు రోజుల్లోనే పోవాల్సింది పోయింది.

ఇంకో సైటు ఉండేది. బ్రౌజర్‌లోనే త్రీడీ గదులు కట్టుకుని లింకు పంపితే చాలు, స్నేహితులు వచ్చేస్తారు, కళ్లకు పెట్టుకునే పరికరం అక్కర్లేదు. ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయిన వేసవి సెలవుల్లో నేనూ మా చిన్నమ్మ బిడ్డా కలిసి అందులో బతుకమ్మ మైదానం కట్టాం. తను మంచిర్యాలలో, నేను ఊళ్లో. బతుకమ్మను త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేర్చాను. ఒక్క పువ్వు చేసి దాన్ని వలయంగా తిప్పి, ఆ వలయాన్ని కొంచెం కొంచెం చిన్నది చేస్తూ పైకి పేర్చమంటే అదే పేర్చుకుంటుంది. తంగేడు, గునుగు, బంతి, మళ్లీ తంగేడు. అబ్బ ఎంత బాగా వచ్చిందో అనుకుని అమ్మకు చూపిస్తే ఒక్క చూపు చూసి, "గౌరమ్మ ఏదే?" అంది. పసుపు గౌరమ్మను పెట్టడం మర్చిపోయాను. ఇన్నేళ్లుగా అమ్మ పేరుస్తుంటే చూడటమే గానీ పక్కన కూర్చుని పువ్వందించింది లేదు, అందుకే మర్చిపోయాను. ఆ ఏడాది ఎంగిలిపూల నాడు మొదటిసారి నేనే ఒక బతుకమ్మ పేర్చాను, తాంబాళంలో, నిజం పువ్వులతో. అది కొంచెం పక్కకు ఒరిగింది. కంప్యూటర్‌లో ఒరగదు.

ఆ మైదానం ఇప్పుడు లేదు. 2024 మే నెలలో ఆ సైటు మూసేశారు. ముందే మెయిల్ పెట్టారట, మీ సామాను దింపుకోండి అని. నాకేమో అప్పుడు ఇంటర్ రిజల్ట్స్, ఎంసెట్ టెన్షన్, మెయిల్ ఎవరు చూశారు! చూసేసరికి తలుపు మూసుకుపోయింది. బ్లెండర్ ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో ఉంది కాబట్టి బతుకమ్మ దక్కింది, మైదానం పోయింది, అందులో మేం పెట్టుకున్న చెట్లు, మెట్లు, మా చిన్నమ్మ బిడ్డ పాడి రికార్డు చేసిన పాట అన్నీ పోయాయి. తర్వాత తెలుసుకుంటే ఇది మామూలేనట. బడిపిల్లలకు వర్చువల్ యాత్రలు చూపించిన గూగుల్ ఎక్స్‌పెడిషన్స్, త్రీడీ బొమ్మల గూగుల్ పోలీ రెండూ 2021 జూన్ 30నే మూతపడ్డాయి, మైక్రోసాఫ్ట్ ఆల్ట్‌స్పేస్ 2023 మార్చిలో. 2021 అక్టోబర్‌లో ఫేస్‌బుక్ కంపెనీ పేరే మెటా అని మార్చుకుంటే ఇక అందరం అక్కడే కాపురం అన్నట్టు టీవీల్లో గోల గోల చేశారు. కిరాయి ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి, అక్కడ బంగారు తలుపులు పెట్టించుకున్నాను నేను. అప్పటి నుంచి ఏది చేసినా ముందు నా దగ్గర ఒక కాపీ.

అందుకే తర్వాత పని లువాంటిలో మొదలుపెట్టాను. దీని పాత పేరు మైన్‌టెస్ట్. మైన్‌క్రాఫ్ట్ పిల్లలందరికీ తెలుసు, దిమ్మెల మీద దిమ్మెలు పేర్చి కట్టే ఆట, 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొన్నది. అది డబ్బులు పెట్టి కొనుక్కోవాలి. లువాంటి అట్లాంటిదే, ఉచితం, మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఎవరూ మూసేయలేరు. సీనియర్ అన్న దగ్గర పాత లాప్‌టాప్ కొన్నాను, నాలుగు జీబీ ర్యామ్, ఫ్యాను రైస్‌మిల్లులా మోగుతుంది. అందులో వరంగల్ కోట కీర్తితోరణం కడదామని నేనూ మా ఫ్రెండూ అనుకున్నాం. రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉండేది అదే, ఏ సర్కారు కాగితం మీద చూసినా ఉంటుంది, కళ్లు మూసుకుని కట్టేయొచ్చు అనుకున్నాం. కూర్చున్నాక తెలిసింది మాకు దాని గురించి ఏమీ తెలియదని. ఎత్తెంత? వెడల్పెంత? పైన దూలం కింద ఉన్న బ్రాకెట్లు ఎటు వంగుతాయి? ఫొటోలు బోలెడున్నాయి, అన్నిటి ముందూ ఎవరో ఒకరు సెల్ఫీ దిగుతున్నారు.

దాంతో ఒక ఆదివారం టేపు, నోట్‌బుక్, ఒక కర్ర పట్టుకుని కోటకు పోయాం. స్వయంభూ గుడి శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు కదా, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎంత దూరమో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాం, నా అడుగులకూ మా ఫ్రెండు అడుగులకూ పొంతన కుదరక మూడుసార్లు నడిచాం. ఎత్తు కొలవడానికి ఎనిమిదో తరగతి లెక్క పనికొచ్చింది, కర్ర నీడ ఎంత, తోరణం నీడ ఎంత, కర్ర పొడవెంత. సెక్యూరిటీ ఆయన వచ్చి, "ఏం కొలుస్తున్నరు బిడ్డా, జాగ గిట్ల కొంటున్నరా?" అని నవ్వాడు. విషయం చెబితే ఆయనే ఒక తోరణం దగ్గరికి తీసుకుపోయి పైన చూడమన్నాడు. తామర మొగ్గలు, దండలు, తోకలు తీగల్లా సాగిపోయిన పక్షులు. ఎన్నిసార్లు వచ్చానో ఆ కోటకు, బడి పిక్నిక్‌కు, చుట్టాలతో, ఒక్కసారి కూడా తలెత్తి ఆ పక్షులను చూడలేదు. కంప్యూటర్‌లో కట్టాలి కాబట్టి చూశాను.

కట్టడం ఇంకో కథ. ఆ ఆటలో ఒక దిమ్మె అంటే ఒక మీటరు. మీటరు దిమ్మెలతో పక్షి తోక ఎట్లా వస్తుంది? గోడకు సున్నం వేసే బ్రష్షుతో కంటికి కాటుక దిద్దినట్టుంది. అందుకని లెక్క మార్చి ఒక దిమ్మెను పది సెంటీమీటర్లు అనుకుని కట్టాం. తోరణం పదింతలు పెద్దదయింది, దాని కింద నిలబడితే మేం చీమల్లా ఉంటాం. నాలుగు నెలలు పట్టింది, ఒక్క తోరణానికే. మిగతా మూడింటి సంగతి అడక్కండి. పక్షి తోకలు ఇప్పటికీ సరిగా రాలేదు, కోడిపుంజు తోకల్లా వచ్చాయి.

ఇదే ఊపులో రామప్పకు పోయాం. చుట్టూ తిరిగి వందల ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అదే త్రీడీ బొమ్మ కట్టిస్తుందని చదివాను. స్టాండు పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి కాబట్టి చేత్తోనే తీశాం. ఎర్రటి ఇసుకరాతి గోడ బాగా వచ్చింది. నల్లరాతి మదనికలు, అంటే గుడి బయట స్తంభాల పైన ఉండే ఆడవాళ్ల శిల్పాలు, మాత్రం రాలేదు, మొహాల్లో బొక్కలు పడ్డాయి. కారణం ఏందంటే వాటి నునుపు. సాఫ్ట్‌వేర్ ఒక ఫొటోలోని చుక్కను ఇంకో ఫొటోలో వెతుక్కుంటుంది, మెరిసే రాయి మీదేమో మనం కదిలిన కొద్దీ మెరుపు కూడా కదులుతుంది, పాపం దానికి తికమక. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ శిల్పుల చెయ్యి ఈనాటి కంప్యూటర్‌ను మోసం చేస్తోందంటే, ఒకపక్క నా పని చెడిపోయినా ఇంకోపక్క గర్వంగానే అనిపించింది. అన్నట్టు, బొమ్మ పక్కన రాయడానికి నాలుగు వాక్యాలు కావాలని ఒక ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే రామప్పను రుద్రమదేవి కట్టించిందని తెలుగులో చాలా మర్యాదగా చెప్పింది. రుద్రమ పాలన 1262 నుంచి కదా అంటే, క్షమించండి అని ఇంకో తప్పు చెప్పింది. శాసనం అక్కడే గుళ్లో ఉంది, పోయి చూడొచ్చు. ఇట్లాంటివి చూడకుండా ప్రాజెక్టు రిపోర్టుల్లో అతికించేస్తున్నారు మావాళ్లు, ఆ విషయంలో టీచర్ గారు ఎంత తిట్టినా నేను ఆయన పక్షమే.

ఇప్పుడు చెరువుల సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒక పటం ఉంది, 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. వికీపీడియా లాగ ఎవరైనా అందులో గీయొచ్చు, దిద్దొచ్చు. అందులో మా ఊరు తెరిచి చూస్తే ఒక రోడ్డు గీత, ఒక చుక్క, పేరు ఇంగ్లిష్‌లో తప్పు స్పెల్లింగ్. అంతే. చెరువు లేదు. చెరువు లేకుండా మా ఊరేంది! కూర్చుని సాటిలైట్ బొమ్మ మీద చెరువు గట్టు వెంట గీత గీశాను, కట్ట గీశాను. పేరు దగ్గర తెలుగులో రాయడానికి వేరే గడి ఉంటుంది, ఊరచెరువు అని రాశాను. రాశాక ఒకటే ఆకలి పట్టుకుంది, పక్క కుంట, దాని పక్క కుంట. గూగుల్ పటం చూసి కాపీ కొట్టకూడదని అక్కడ గట్టి నియమం, మనకు స్వయంగా తెలిసిందో, స్థానికులు చెప్పిందో రాయాలి. స్థానికులంటే మా తాత. ఆయన మంచంలో పడుకుని చెబుతుంటే నేను గీసేదాన్ని. తుమ్మలకుంట, కొత్తకుంట, ఈదులకుంట. "గా కుంట నిండితే మత్తడి దుంకి గీ చెరువులకు వస్తది" అని చేత్తో గాలిలో చూపించేవాడు, నేను స్క్రీన్ మీద చూస్తే నిజంగానే సన్నటి వాగు గీత కనబడేది. మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు, కొన్ని దిక్కుల అలుగు అంటారు. గొలుసుకట్టు చెరువులు అని సోషల్ పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివాను, కాకతీయుల కాలం నుంచి ఉన్నాయని రాసి రెండు మార్కులూ తెచ్చుకున్నాను. ఆ గొలుసు మా ఇంటి వెనక నుంచే పోతోందని అప్పుడు తెలిసింది.

సమస్యలు కూడా వచ్చాయి. మనం చెరువుకూ కుంటకూ చూపే తేడాను ఆ పటంలో ఎట్లా చూపించాలో నాకు తెలియలేదు. మత్తడికి ఒక గుర్తు దొరికింది, తూముకు ఏది పెట్టాలో తెలియక నేను పెట్టింది తప్పని జర్మనీ నుంచి ఎవరో మెసేజ్ పెట్టారు, చాలా మర్యాదగా. తూమంటే ఏందో ఆయనకు వివరించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, మధ్యలో నాకే సరిగా తెలియదని అర్థమై బాపు బండి మీద పోయి తూము ఫొటో తీసుకొచ్చాను. తూము షట్టరు తుప్పు పట్టి ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలో దాదాపు 46 వేల చెరువులు బాగుచేయాలనుకున్నారు, మా ఊరచెరువులో కూడా పూడిక తీశారు, ఆ మట్టి మా చేనులో కూడా పడింది. కుంటలకు మాత్రం అంత పట్టింపు లేదు. రెండు కుంటలు ఇప్పుడు సాటిలైట్ బొమ్మలో పచ్చగా కనబడుతున్నాయి, అంటే నీళ్లు కాదు, పొలాలు. 2023 జూలై వానలకు మోరంచపల్లి ఎట్లా మునిగిందో, హనుమకొండ కాలనీల్లో నడుముల్లోతు నీళ్లు ఎట్లా వచ్చాయో అందరం చూశాం. నీళ్లు తమ పాత దారి మర్చిపోవు, మనమే ఆ దారి ఎక్కడుందో మర్చిపోయాం అని తాత అంటాడు. ఆయన స్మార్ట్‌ఫోన్ వాడడు, కానీ ఆయన చెప్పిన పదకొండు పేర్లు ఇప్పుడు ప్రపంచంలో ఎవరు ఆ పటం తెరిచినా తెలుగులో కనబడతాయి.

టీచర్ గారు మా ఫోన్లు లాక్కోవాలన్నారు కదా, ఆ మాటకు వస్తున్నా. పైన నేను చెప్పిన కట్టే, గీసే పనుల్లో ఒక్కటి కూడా ఫోన్‌లో సరిగా కాదు. బ్లెండర్ కాదు, పటం గీయడం కాదు, తోరణం కాదు. ఫోన్‌లో చక్కగా అయ్యేది ఒక్కటే, చూస్తూ కూర్చోవడం. రీల్స్‌కు వేలు ఒక్కటి చాలు, తోరణానికి కీబోర్డు, మౌసు, నాలుగు నెలలు కావాలి. మా క్లాసులో 50 మందికి పైగా ఉన్నాం, అందరికీ ఫోనుంది, లాప్‌టాప్ ఉన్నది ఆరుగురికి. మా కాలేజీలో మంచి కంప్యూటర్ ల్యాబ్ ఉంది, ఏసీ కూడా ఉంది. సాయంత్రం నాలుగింటికి తాళం. ఆదివారం తాళం. సెలవుల్లో తాళం. అడిగితే, మౌసులు పోతున్నాయని ఒకరు, గేములు ఆడతారని ఒకరు, కరెంటు బిల్లని ఒకరు. గేము ఆడతామనే మాట నిజమే అనుకోండి, నేను తోరణం కట్టిందీ గేములోనే కదా! మౌసు పోతే ఆ రిజిస్టరులో సంతకం పెట్టినవాళ్ల దగ్గర వసూలు చేయండి, మేమే ఒప్పుకుంటున్నాం. రాత్రి ఎనిమిది దాకా ఆ గది తెరిచి ఉంచితే, ఒక సీనియర్‌కు తాళంచెవి బాధ్యత ఇస్తే, కొత్తగా ఒక్క రూపాయి పరికరం కొనే పని లేదు. ఇదే మాట పెద్ద లైబ్రరీలకు, జూనియర్ కాలేజీలకు కూడా. ఫోన్లు లాక్కోవడం మీద ఎన్ని ఉత్తరాలైనా వస్తాయి, ఆ గదుల తాళాల మీద ఒక్కటన్నా వేయండని మీ పత్రికను అడుగుతున్నాను.

ఉత్తరం రాసిన టీచర్ గారికి ఒక విన్నపం కూడా. మీరు మా పక్క మండలంలో చాలా ఏళ్లు పనిచేశారని మీ ఉత్తరంలోనే రాసుకున్నారు. అప్పట్లో సైకిల్ మీద కట్టల మీదుగానే బడికి పోయి ఉంటారు. ఊరచెరువు మత్తడి కింద నుంచి తూర్పుకు పోయే వాగు మీద వరుసగా మూడు కుంటలున్నాయి, మా తాతకు అవి మా ఊరి శివారు కాదు కాబట్టి పేర్లు తెలియవు. నడిమి దానికి కట్ట మీద పెద్ద మర్రిచెట్టు ఉంది, ఇప్పటికీ ఉంది, సాటిలైట్‌లో కనబడుతుంది. మీకు గానీ ఆ దిక్కు చదువరులకు గానీ ఆ పేర్లు తెలిస్తే దయచేసి ఈ పేజీకే ఒక ముక్క రాయండి. ఆ మూడు గడులు ఖాళీగా పెట్టి ఉంచాను.

ఇట్లు,
బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని,
హనుమకొండ